పాత డీజిల్ ట్రక్కు కంప్యూటర్‌లో చిప్: కొన్నేళ్లు వాడాక నా మాట

ఫోర్డ్ సూపర్ డ్యూటీలో 2003 వరకు వచ్చిన 7.3 లీటర్ల పవర్ స్ట్రోక్ డీజిల్ ఇంజన్ నాది. దాని కంప్యూటర్‌కు, కంపెనీ అమరికను మార్చి ఇంజన్ బలం పెంచే ఆరు స్థాయిల చిప్ పెట్టుకుని కొన్నేళ్లుగా నడుపుతున్నాను. ఇదే బండి ఉన్నవారు ముందుగా అడిగేది ఎంత హార్స్‌పవర్ పెరిగిందని. పెరిగింది, ఆ తేడా మొదటి ఎత్తు ఎక్కగానే తెలుస్తుంది. కానీ ఇన్నేళ్లయినా ఆ చిప్‌ను తీసి పక్కన పెట్టకపోవడానికి అసలు కారణం గేర్‌బాక్స్.

ఈ ట్రక్కులో ఇంజన్‌నూ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌నూ నడిపేది ఒకే కంప్యూటర్. కుదుపు తెలియకుండా గేరు మెత్తగా మారాలని కంపెనీ అమరిక చూసుకుంటుంది. ఆ మెత్తదనానికి మూల్యం చెల్లించేవి లోపలి క్లచ్ పలకలు. గేరు పడే లోపు అవి కొంతసేపు జారుతాయి, జారినంతసేపూ వేడెక్కుతాయి. మంచి చిప్ గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడిని పెంచి, గేరు ఏ వేగంలో మారాలో కూడా సవరిస్తుంది. ట్రైలర్ తగిలించి ఎత్తు ఎక్కేటప్పుడు ఇంతకుముందు బండి రెండు గేర్ల మధ్య ఊగిసలాడేది. ఇప్పుడు ఒక గేరు పట్టుకుని నిలబడుతుంది. ఖాళీ బండిలో మాత్రం గేరు పడినప్పుడు చిన్న తాకిడి ఉంటుంది. నాకు అది ఇష్టమే, పక్కన కూర్చున్నవారికి అంతగా నచ్చదు.

చిప్ బిగించడంలో అసలు పనంతా శుభ్రం చేయడమే. కంప్యూటర్ ఉండేది డ్రైవర్ వైపు, ఇంజన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ అనే గోడ దగ్గర. ఇంజన్ వైపు నుంచి 104 పిన్నుల పెద్ద కనెక్టర్ దానిలోకి వస్తుంది. దాన్ని పట్టి ఉంచే బోల్టు 10 మిల్లీమీటర్ల సాకెట్‌తో వదులవుతుంది. చిప్ దిగేది మాత్రం అవతలి చివర మూత కింద ఉండే జే3 అనే చిన్న పోర్టులోకి. అక్కడ సర్క్యూట్ బోర్డు అంచే బయటికి వచ్చి ఉంటుంది, దానికి రెండు వైపులా సన్నని లోహపు గీతలుంటాయి. తేమ తగలకుండా ఆ గీతల మీద పారదర్శకమైన పూత వేస్తారు. కంటికి అన్నీ శుభ్రంగానే కనిపిస్తాయి కాబట్టి చాలామంది చిప్‌ను అలాగే గుచ్చేస్తారు. తర్వాత బండి స్టార్ట్ కాకపోతే చిప్ చెడిపోయిందని వెనక్కి పంపుతారు. అలా తిరిగి వెళ్లిన చిప్‌లలో చాలావాటికి ఏ జబ్బూ ఉండదని నా గట్టి నమ్మకం.

పూతను తీయడానికి గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ ముక్క, ఎలక్ట్రికల్ కాంటాక్టులు కడిగే స్ప్రే ఉంటే చాలు. గీతల పొడవు వెంట మాత్రమే రుద్దాలి, అడ్డంగా రుద్దితే గీతలు లేచిపోయే ప్రమాదం ఉంది. గరుకు కాగితం జోలికి వెళ్లకండి, అది పూతతో పాటు లోహాన్నీ తినేస్తుంది. ఒకసారి రుద్ది స్ప్రేతో కడిగి, టార్చి వెలుగును ఏటవాలుగా పట్టి చూస్తే మసక మచ్చలు బయటపడతాయి. అవన్నీ పోయేవరకు మళ్లీ రుద్దాలి. కింది వైపు చేతికి అందదు కాబట్టి సాధారణంగా పూత మిగిలిపోయేది అక్కడే. ఓపిక తక్కువైతే కంప్యూటర్‌ను పూర్తిగా విప్పి బల్ల మీద పెట్టుకుని చేయడమే నయం. శుభ్రమైన గీతల మీద గ్రీజు రాయమని కొందరు చెబుతారు. నేను రాయలేదు, రాయవలసిన అవసరమూ కనిపించలేదు.

ఈ పనంతా బ్యాటరీ తీగలు విప్పిన తర్వాతే. ఈ ట్రక్కుకు బ్యాటరీలు రెండు. ఒకదాని నెగటివ్ తీగ మాత్రమే విప్పితే రెండోది కంప్యూటర్‌కు కరెంటు ఇస్తూనే ఉంటుంది. కరెంటు ఉండగా చిప్‌ను పెట్టినా తీసినా చిప్‌తో పాటు కంప్యూటర్ కూడా పోవచ్చు. చిప్‌ను నిటారుగా, చివరి వరకు దించి, అదురుకు వదులు కాకుండా టేపుతో బిగించాలి. స్థాయి మార్చే మీట తీగను పెడల్స్‌కు తగలకుండా పక్కనుంచి తీసుకురావాలి.

అంతా బిగించాక వెంటనే స్టార్ట్ చేయవద్దు. తాళం ఆన్ చేసి, చల్లని ఇంజన్‌ను స్టార్ట్‌కు ముందు వేడిచేసే గ్లో ప్లగ్గుల కోసం ఆగమని చెప్పే దీపం వెలుగుతుందో లేదో చూడండి. వెలగలేదంటే కంప్యూటర్ మేలుకోలేదన్నమాట. అప్పుడు ఎంతసేపు క్రాంక్ చేసినా లాభం లేదు, మళ్లీ స్క్రబ్బర్ పట్టుకోవలసిందే. నడుస్తూ నడుస్తూ ఇంజన్ ఆగిపోయినా, ఓవర్‌డ్రైవ్ (అన్నిటికంటే పై గేరు) దీపం మిణుకుమిణుకుమన్నా మొదట అనుమానించవలసింది ఈ గీతలనే.

ఇక స్థాయిల సంగతి. అన్నిటికంటే పై స్థాయిని సరదాకు వాడి వదిలేశాను. నల్ల పొగ, వేడి తప్ప రోజువారీ పనికి అది ఇచ్చేది ఏమీ లేదు. బరువు లాగేటప్పుడు కింది స్థాయి, ఖాళీగా ఉన్నప్పుడు మధ్య స్థాయి నాకు సరిపోతాయి. చిప్ కొనే డబ్బు ఉండి, ఎగ్జాస్ట్ వేడిని కొలిచే పైరోమీటర్‌కు డబ్బు లేదంటే చిప్ కొనడం వాయిదా వేయమంటాను. టర్బోకు ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో దాని ప్రోబ్ ఉండాలి. 1,250 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 677 సెల్సియస్, దాటి ఎక్కువసేపు నడపకూడదన్నది ఈ ఇంజన్ నడిపేవారిలో చాలామంది పాటించే హద్దు. పిస్టన్లు అల్యూమినియం మిశ్రమంతో చేసినవి, శుద్ధ అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల సెల్సియస్ దగ్గరే. పిస్టన్లను కింది నుంచి ఆయిల్ చల్లబరుస్తుంది కాబట్టి కాసేపు తట్టుకుంటాయి. పొడవైన ఎత్తులో సూది ఆ హద్దు వైపు కదిలితే నేను యాక్సిలరేటర్ తగ్గిస్తాను, వెనుక ఎవరు హారన్ కొట్టినా సరే. సుమారు 2001 నుంచి వచ్చిన కొన్ని ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్లు లోహపు పొడిని అచ్చుపోసి చేసినవి. పాత ఫోర్జ్‌డ్ (ఉక్కును కొట్టి మలచిన) రాడ్ల కంటే అవి బలహీనం కాబట్టి పై స్థాయి మీద మోజున్నవారు తమ ఇంజన్‌లో ఏవి ఉన్నాయో ముందే తెలుసుకోవాలి.

ఇంజన్ ఆయిల్ విషయంలో నేను మునుపటి కంటే పట్టుదలగా ఉన్నాను. ఈ ఇంజన్‌లో డీజిల్‌ను ఇంజెక్టర్‌లోంచి నెట్టేది ఇంజన్ ఆయిలే. సుమారు 3,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) వరకు వెళ్లే ఆ ఒత్తిడి ఇంజెక్టర్ లోపల ఏడు రెట్లవుతుంది. చిప్ ఆ ఒత్తిడిని ఇంకా అడుగుతుంది. ఆయిల్ పాతబడి నురగ పట్టడం మొదలైతే ఆ సంగతి ఇంజన్ నడకలోనే తెలిసిపోతుంది.

మైలేజీ పెరుగుతుందని ఊరించేవారిని నమ్మకండి. నా బండిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కుడి కాలు కాస్త ఉత్సాహపడితే ఉన్నదీ పోతుంది. కాలిఫోర్నియాలో ఉన్నవారు చిప్‌కు అక్కడి వాయు వనరుల బోర్డు ఇచ్చిన మినహాయింపు నంబరు ఉందో లేదో చూసుకోవాలి.

వాడిన చిప్ చౌకగా దొరికితే తొందరపడకండి. చిప్‌లోని ప్రోగ్రాం మీ కంప్యూటర్ మీద అంటించిన కోడ్‌కు తగినట్టు రాసినదై ఉండాలి. అమ్మేవారు అది ఏ కోడ్‌కు రాసినదో చెప్పలేకపోతే, దాన్ని తిరిగి రాయించే ఖర్చు కూడా కలుపుకుని బేరమాడండి. వర్క్‌షాపులో కంప్యూటర్‌ను రీప్రోగ్రాం చేయించవలసి వస్తే చిప్ తీసి ఇవ్వండి, బండి తిరిగి వచ్చాక కోడ్ మారిందేమో అడిగి తెలుసుకున్న తర్వాతే మళ్లీ పెట్టండి.