జాగ్రత్త: తిరుపతిలో ‘గడ్డ కరిగించే పొడి’ కొనకండి

చిత్తూరు, తిరుపతి వైపు ఇంట్లో క్యాన్సర్ పేషెంటు ఉన్నవాళ్లు దయచేసి చదవండి.

మా బావకు థైమిక్ కార్సినోమా. ఛాతీ మధ్య ఎముక వెనకాల ఉండే థైమస్ గ్రంథిలో వచ్చే అరుదైన క్యాన్సర్ ఇది. మామూలుగా ఊపిరితిత్తులకో, కాలేయానికో, ఎముకలకో పాకుతుంది. బావకు మెదడుకు పాకింది. డాక్టర్లు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, ఫిట్స్ రాకుండా లెవెటిరాసెటామ్ రాసి, రేడియేషన్‌కు తేదీ ఇచ్చారు.

ఈలోగా ఎవరో చెప్పారని అక్క తిరుపతిలో ఒక మూలికల దుకాణానికి వెళ్లింది. స్కాన్ ఫిల్మును తలకిందులుగా పట్టుకుని చూసి, ‘మూడు నెలల్లో కరిగిపోతుంది’ అన్నాడట ఆ మహానుభావుడు. బూడిద రంగు పొడి, డబ్బా మీద లేబుల్ లేదు, బ్యాచ్ నంబరు లేదు. నెలకు 18,000 రూపాయలు. బిల్లు అడిగితే ‘దేవుడి మందుకు బిల్లేంటమ్మా’ అన్నాడు.

డబ్బు పోతే పోయింది. ‘ఇంగ్లీషు మాత్రలన్నీ ఆపితేనే పొడి పనిచేస్తుంది’ అన్నాడు చూడండి, అదే కొంప ముంచింది. మెదడులో గడ్డ చుట్టూ వచ్చే వాపును అదుపులో ఉంచేది ఆ డెక్సా మాత్రే. అది కొన్నాళ్లు వాడాక ఒంట్లో సహజంగా తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ తగ్గిపోతుంది. అందుకే డాక్టర్లయినా డోసు మెల్లమెల్లగా తగ్గిస్తారు తప్ప ఒక్కసారిగా ఆపరు. మాత్రలు ఆపాక బావకు తలనొప్పి, వాంతులు, ఆ వెంటనే ఫిట్స్. ఐసీయూ నుంచి అక్క ఆ దుకాణం అతనికి ఫోన్ చేస్తే ‘విషం బయటికి పోతోంది, మంచిదే’ అని పెట్టేశాడు. బావ ఇప్పుడు మళ్లీ పాత మాత్రల మీదే ఉన్నాడు, రేడియేషన్ మాత్రం వెనక్కి జరిగింది.

పొడి తిన్నాక ఆకలి పుట్టింది, ఒళ్లు తేలికైంది అని ఎవరైనా చెబితే వెంటనే నమ్మకండి. ఇలాంటి పొడుల్లో చెప్పకుండా ఆకలి పెంచే స్టెరాయిడ్ కలిపిన కేసులు ల్యాబ్ పరీక్షల్లో బయటపడ్డాయి. సీసం, పాదరసం కూడా దొరికాయి.

క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. వాళ్ల పాంప్లెట్, ఫోన్‌పే రసీదు, మిగిలిన పొడి ఉంటే పారేయకండి, డ్రగ్స్ ఇన్‌స్పెక్టరుకు ఇవ్వండి. మేమూ ఇచ్చాం.

ఇంకో డాక్టరుకు చూపించుకోవాలంటే తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా వాళ్ల క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. ఇప్పటికే పొడి వాడుతుంటే మొహమాటపడకుండా ఆ డబ్బా పట్టుకెళ్లి మీ డాక్టరుకు చూపించండి.