కంపెనీ జట్టా, జే3 క్లబ్బా?

జపాన్‌లో యూనివర్సిటీ ఫుట్‌బాల్ ముగించుకున్న ఆటగాడికి తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. ఒకవైపు నాలుగో అంచె జేఎఫ్ఎల్‌లో (జపాన్ ఫుట్‌బాల్ లీగ్) ఆడే, ఉద్యోగులతో నడిచే హోండా ఎఫ్‌సీ లాంటి కంపెనీ జట్టు, మరోవైపు మూడో అంచె ప్రొఫెషనల్ లీగ్ జే3.

డబ్బు: కంపెనీ జట్టులో నెల తిరిగేసరికి ఉద్యోగి జీతం. బూట్లు వదిలేశాక కూడా అదే సంస్థలో కొనసాగవచ్చు. జే3లో చాలామందికి ఏడాది ఒప్పందమే. జీతం చాలక పక్కన మరో పని చేసేవాళ్లూ ఉన్నారు.

శ్రమ: కంపెనీ జట్టులో పొద్దున డ్యూటీ, తర్వాత ప్రాక్టీసు. ఆదివారం దూరప్రాంతంలో మ్యాచ్ ఆడి సోమవారం పనిలోకి దిగాలంటే ఒళ్లు కోలుకునే సమయం దొరకదు. జే3లో పక్క పని లేనివాళ్లకు రోజంతా ఆటదే.

స్థాయి: తేడా అనుకున్నంత లేదు. హామామాత్సుకు చెందిన హోండా 2016 నుంచి 2019 వరకు వరుసగా నాలుగుసార్లు జేఎఫ్ఎల్ గెలిచింది. 2019లో దేశవ్యాప్త నాకౌట్ టోర్నీ ఎంపరర్స్ కప్‌లో అగ్రశ్రేణి జే1 క్లబ్ ఉరావా రెడ్స్‌ను 2-0తో ఓడించి క్వార్టర్ ఫైనల్‌కు చేరింది. ఇంత గెలిచినా పైకి వెళ్లదు. జే1 నుంచి జే3 దాకా ఉన్న ప్రొఫెషనల్ జే లీగ్‌లో చేరే ఉద్దేశమే దానికి లేదు. పై లీగ్‌లో ఆడాలంటే ఆటగాడే క్లబ్ మారాలి.

ముప్పు: కంపెనీ నిర్ణయం మారితే జట్టే ఉండదు. 1968లో పుట్టిన సోనీ కంపెనీ జట్టు సోనీ సెండాయ్ 2024 సీజన్‌తో మూతపడింది. అయితే జట్టు పోయినంత మాత్రాన ఉద్యోగం పోనక్కర్లేదు. అసలు తేడా ఇక్కడే ఉంది.

రెండో అంచె జే2 క్లబ్‌ల స్కౌట్ల కళ్లలో ఇప్పటికే పడి, రెండు మూడేళ్లు ఇబ్బంది పడగలిగితే జే3. ఇంటి బాధ్యతలున్నా, పాత మోకాలి గాయమున్నా కంపెనీ జట్టు.