రెడింగ్‌లో మా లెటింగ్ ఏజెన్సీ: తాళాలిచ్చిన రోజు భేష్, ఆ తర్వాతే బేరాలు

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మేం అద్దెకుంటున్న రెండంతస్తుల ఇంటిని చూసుకునే ఏజెన్సీ ఇది. కుళాయి కారితే ప్లంబర్‌ని పంపుతారు, ఫోన్ ఎత్తుతారు. పొగ అలారం సంగతి మాత్రం వివరంగా చెప్పాలి.

తాళాలిచ్చిన రోజు ఏజెన్సీలో పనిచేసే అమ్మాయి మాప్ కర్రతో కిందా పైనా అలారాల బటన్లు నొక్కి మోగించింది. ఫొటోలు తీసి, తేదీ వేసి, మా చేత సంతకం పెట్టించుకుంది. కింది అలారానికి పాత అద్దెవాళ్లు ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు బిగించారు. ఎండుమిర్చి పోపు పెట్టే ఇల్లయి ఉంటుంది! ఆమె మారుమాట్లాడకుండా పీకేసింది. ప్రతి అంతస్తుకీ పొగ అలారం ఉండాలన్న రూలు 2015 నాటిది. ఇంటికి వేడినీళ్లిచ్చే బాయిలర్ వంటింట్లో ఉంది కాబట్టి అక్కడ కార్బన్ మోనాక్సైడ్ (ఇంధనం సరిగ్గా కాలకపోతే వచ్చే విషవాయువు) అలారం కూడా పెట్టారు. 2022 అక్టోబర్ 1 నుంచి అదీ తప్పనిసరే. వంట గ్యాస్ స్టవ్ ఒక్కటే ఉన్న గదికి అక్కర్లేదు.

చలికాలంలో ఓ రాత్రి పై అలారం ఉండుండి కీచుమనడం మొదలెట్టింది. పిల్లకి నిద్ర లేదు, మాకూ లేదు. ఫోన్ చేస్తే, "బ్యాటరీ మార్చుకోవడం మీ పనే కదండీ" అన్నారు. సగం నిజమే. నెలకోసారి నొక్కి చూసుకోవడం, బ్యాటరీ మార్చుకోవడం అద్దెకున్నవాళ్లు చేసుకోవాలనే ప్రభుత్వ సలహా కూడా. కానీ ఇది సీల్ వేసిన పదేళ్ల రకం, బ్యాటరీ తీయడానికి మూతే లేదు. పైగా మార్చాల్సిన సంవత్సరం అంచు మీదే ముద్రించి ఉంది, అది దాటిపోయింది. తొలిరోజే ఆ అమ్మాయి అది చదివుంటే ఈ గొడవే ఉండేది కాదు. అద్దెవాళ్లు మార్చలేని బ్యాటరీ అయితే చెప్పిన తర్వాత బాగు చేయించాల్సిందో, కొత్తది పెట్టించాల్సిందో ఓనరే.

ఇక ఫోన్లు మానేసి, ఆ అంచు ఫొటోతో మెయిల్ పెట్టాను. కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) నోటీసిచ్చినా కదలకపోతే ఓనర్‌కి 5,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చని చివర్లో ఒక్క లైను చేర్చాను. మర్యాదగానే రాశాను లెండి. ఎలక్ట్రీషియన్ వెంటనే వచ్చి కొత్తది బిగించి వెళ్లాడు.

ఐదుకి మూడు స్టార్లు. వంటింటి గుమ్మానికి ఆనుకుని ఉన్న హాలు అలారాన్ని కాస్త అవతలికి జరపమని కూడా అడిగాను. ఓనర్‌ని కనుక్కుంటామన్నారు. ఇంకా కనుక్కుంటూనే ఉన్నారు.