ఎల్ సిస్టెమా సంగీత శిక్షణ: పాఠం గట్టిదే, చేరాల్సిన పిల్లలకు చేరుతోందా?

పేద పిల్లలకు ఉచితంగా సంగీతం నేర్పే కార్యక్రమం ఎక్కడ మొదలుపెట్టినా నమూనాగా ముందు వినిపించే పేరు వెనెజ్వెలాలోని ఎల్ సిస్టెమా. 1975లో కరాకస్‌లోని ఒక గ్యారేజీలో 11 మంది పిల్లలతో హొసే ఆంతోనియో అబ్రేయు దీన్ని మొదలుపెట్టారు. ఆయన సంగీతజ్ఞుడే కాదు, ఆర్థికవేత్త కూడా. ఆర్కెస్ట్రాను ముందు నిలబడి నడిపించే ప్రపంచ ప్రసిద్ధ కండక్టర్ గుస్తావో దుదమెల్ ఇందులోంచి వచ్చినవారే. 2021 నవంబరులో 8,573 మంది ఒకేచోట రష్యా స్వరకర్త చైకోవ్‌స్కీ రచన వాయించి గిన్నిస్ రికార్డుకెక్కారు. ఆ వీడియోలు చూసి విరాళం ఇద్దామనుకునేవాళ్లు, ఇలాంటిదే తామూ పెడదామనుకునేవాళ్లు చాలామంది. సంగీతం నేర్పే సేవగా దీనికి వంక పెట్టడం కష్టం. పేద పిల్లల్ని వెతికి పట్టుకునే సేవగా మాత్రం సగం మార్కులే.

ముందు బలం సంగతి. బడి అయ్యాక పిల్లలు నూక్లియో అనే కేంద్రానికి వస్తారు. వారానికి ఐదారు రోజులు, రోజుకు మూడు నాలుగు గంటలు సాధన. అసలు మందు ఇదే. వారానికి ఒక గంట క్లాసు పెట్టి ఈ పేరు తగిలించుకునేవాళ్లు మందు వదిలేసి సీసా పట్టుకున్నట్టే. రెండోది, పిల్లలు మొదటినుంచీ గుంపులోనే నేర్చుకుంటారు. ఒకే పాటను మూడు నాలుగు అంచెలుగా రాసి, కొత్తవాళ్లకు వేలు పెట్టకుండా పలికే ఖాళీ తీగల స్వరాలు మాత్రమే ఇవ్వొచ్చు. పెద్దపిల్లలు అసలు రాగం వాయిస్తుంటే, నిన్నగాక మొన్న చేరిన పిల్ల కూడా ఆర్కెస్ట్రాలో కూర్చుంటుంది. పైగా నాలుగు ముక్కలు వచ్చిన పిల్లవాడు ఏమీ రానివాడికి నేర్పుతాడు. దీనివల్ల టీచర్ల కొరత కొంత తీరుతుంది కానీ తప్పులు కూడా అలాగే పాకుతాయి. ఎడమ మణికట్టు వయొలిన్ మెడకు ఆనించి పట్టుకునే పిల్లవాడు తన కింది ముగ్గురికీ అదే అంటిస్తాడు. ముప్పై మంది ఉన్న గదిలో ముందు నిలబడే టీచరుకు తోడు, వరసల మధ్య తిరుగుతూ మణికట్లు, కమాను (తీగల మీద ఆడించే కర్ర) వాలు సరిచేసే రెండో మనిషి ఉండి తీరాలి.

ఈ పద్ధతిలో అందరూ ఎత్తి పట్టుకోదగ్గది కాగితపు ఆర్కెస్ట్రా. చిన్నపిల్లలకు మొదట అసలు వాద్యం ఇవ్వరు. అట్టముక్కలు, కాగితపు గుజ్జు, జిగురుతో పిల్లలూ తల్లిదండ్రులూ కలిసి వయొలిన్ బొమ్మ చేసి రంగు వేస్తారు. సన్న కర్రపుల్ల కమాను అవుతుంది. దాంతోనే నిలబడటం, గడ్డం కింద ఆనించుకోవడం, కమాను పట్టు, భాగాల పేర్లు, కండక్టర్ చెయ్యెత్తగానే అందరూ ఒక్కసారి ఎత్తడం నేర్చుకుంటారు. పాట గొంతుతో పాడతారు. ఆ తర్వాతే అసలు వయొలిన్. ఖర్చు మిగలడం ఒక్కటే కాదు దీని లాభం. కింద పడేస్తే ఏమవుతుందో అట్టబొమ్మ మీదే తెలిసిపోతుంది, ఇంట్లోవాళ్లూ పనిలో పాలుపంచుకుంటారు. ఈ అంచె ఎగ్గొట్టిన చోట తొలి నెలల్లోనే బ్రిడ్జిలు, అంటే తీగల్ని ఎత్తిపట్టే చెక్కముక్కలు, విరుగుతాయి.

అసలు వాద్యాల దగ్గర తడబాటు ఎక్కువ సైజుల్లోనే. 1/2 వయొలిన్ అంటే సగం పొడవు అనుకుంటారు. కాదు. పెద్దవాళ్ల వయొలిన్ డొల్ల సుమారు 14 అంగుళాలైతే 1/2 సైజుది సుమారు పన్నెండున్నర. వయసు చూసి కొనడం కన్నా చెయ్యి కొలవడం నయం: వయొలిన్ గడ్డం కింద పెట్టి ఎడమచెయ్యి పూర్తిగా చాపితే, వయొలిన్ మెడ చివర ఉండే చుట్ట మణికట్టుకూ అరచేతి మధ్యకూ నడుమ ఆగాలి. వేళ్లు దాటిపోతే అది పెద్దది. ఆరేళ్లప్పుడు మొదలుపెట్టిన పిల్ల పెద్ద సైజుకు వచ్చేలోగా మూడు నాలుగు వయొలిన్లు మారుస్తుంది. అందుకే వాద్యాలు పిల్లలకు శాశ్వతంగా ఇచ్చేయకుండా, రిజిస్టరు పెట్టి అప్పుగా ఇచ్చి, చిన్నవైపోగానే తిరిగి తీసుకునే ఏర్పాటు కావాలి. విరాళంగా వచ్చేవి చాలావరకు పెద్ద సైజువే. వాటిని వద్దనడానికి మొహమాటపడని సంస్థ బాగుపడుతుంది.

శ్రుతి సంగతి చాలామంది లెక్కలోకి తీసుకోరు. ఒక్కో వయొలిన్‌కు రెండు నిమిషాలు వేసుకున్నా ముప్పైకి గంట పడుతుంది, క్లాసు కాస్తా అక్కడే అయిపోతుంది. నాలుగు తీగలకూ కింద ఫైన్ ట్యూనర్లు (శ్రుతిని కొద్దికొద్దిగా సరిచేసే చిన్న మరలు) ఉన్నవి తీసుకుని, పిల్లలు రాకముందే శ్రుతి చేసి పెట్టుకోవాలి. గాలిలో తేమ తగ్గితే బిరడలు జారతాయి. జారాయని నాలుగు తీగలూ ఒకేసారి వదులు చేస్తే బ్రిడ్జి పడిపోతుంది, లోపల నిలబెట్టిన సౌండ్ పోస్ట్ అనే పుల్ల కూడా పడిపోవచ్చు. దాన్ని తిరిగి నిలబెట్టడం మరమ్మతు తెలిసినవాళ్ల పని. తీగలు ఒకటొకటిగానే మార్చాలి. మొదట తెగేది అన్నిటికన్నా సన్నటి ‘E’ తీగ, అది ఎప్పుడూ అదనంగా ఉండాలి. వాయించడం అయ్యాక కమాను వదులు చేయించాలి, కమానుకు కట్టిన వెంట్రుకల మీద వేలు పెట్టనివ్వకూడదు.

వినికిడి లేని పిల్లలకూ ఇందులో చోటుంది. తెల్ల చేతుల బృందంలో వాళ్లు తెల్ల గ్లౌజులు తొడుక్కుని, పక్కన మిగతావాళ్లు పాడుతుంటే పాటను చేతులతో పలికిస్తారు. జాలి కోసం పెట్టిన ఐటం కాదది. ఒక్క చెయ్యి ఆలస్యమైనా వరస అంతా చెడిందని చూసేవాళ్లకు తెలిసిపోతుంది.

ఇక లోటు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలు 2,914 మందిని, 16 కేంద్రాల్లో పరిశీలించిన అధ్యయనం 2017లో వెలువడింది. ఏడాది తర్వాత పిల్లల్లో నిగ్రహం కొంత పెరిగింది, ప్రవర్తన ఇబ్బందులు కొంత తగ్గాయి. తల్లికి చదువు తక్కువగా ఉన్న పిల్లల్లో ఫలితం ఇంకాస్త ఎక్కువ. తెలివితేటల విషయంలో మాత్రం మొత్తం మీద తేడా కనిపించలేదు. సంగీతం నేర్పితే లెక్కలు వాటంతటవే వస్తాయని ప్రచారం చేసేవాళ్లు ఇది గమనించాలి. అసలు గుచ్చుకునే అంకె వేరే ఉంది. ఆ పిల్లలున్న రాష్ట్రాల్లో పేదరికం 46.5 శాతమైతే, చేరిన పిల్లల్లో పేదలు 16.7 శాతమే.

కారణాలు ఊహించలేనివేం కావు. ఉచితమన్నంత మాత్రాన పేద పిల్లలు రారు. రోజూ సాయంత్రం తీసుకొచ్చి తీసుకెళ్లే మనిషి ఉండాలి, బస్సు ఛార్జీలుండాలి, తమ్ముణ్ణి చూసుకునే బాధ్యత లేకుండా ఉండాలి. దరఖాస్తు నింపడానికి ముందుకొచ్చే తల్లిదండ్రులు ఎలాగూ కాస్త నిలదొక్కుకున్నవాళ్లే. తలుపు అందరికీ తెరిచి కూర్చుంటే ముందు వాళ్లే వస్తారు.

ఇదే పద్ధతిని 2008లో స్కాట్లాండ్‌లోని రాప్లోక్‌లో బిగ్ నాయిస్ పేరుతో మొదలుపెట్టినవాళ్లు ఈ విషయంలో తెలివిగా నడిచారు. పిల్లల్ని ఎంచలేదు, పేటను ఎంచారు. వెనకబడ్డ పేట ఒకటి తీసుకుని, అక్కడి బడికే వెళ్లి, చిన్న తరగతుల్లో ఉన్న పిల్లలందరికీ బడివేళల్లోనే నేర్పడం మొదలుపెట్టారు. దరఖాస్తు లేదు, ఆడిషన్ లేదు. బడి అయ్యాక జరిగే క్లాసు అదే పిల్లలకు, అదే పేటలో. 2012లో దుదమెల్ వెనెజ్వెలా బృందంతో అక్కడికి వచ్చినప్పుడు ఆ పేట పిల్లలు వాళ్లతో కలిసి వాయించారు. ఎల్ సిస్టెమా నుంచి బోధన తీసుకోండి, పిల్లల్ని చేర్చుకునే తీరు రాప్లోక్ నుంచి తీసుకోండి.

ఇలాంటి సంస్థకు విరాళం ఇచ్చేముందు కచేరీ వీడియో అడగకండి, వీడియో ఎప్పుడూ బాగానే ఉంటుంది. హాజరుపట్టీ అడగండి. పిల్లలు ఏ బడుల నుంచి, ఏ వీధుల నుంచి వస్తున్నారో, ఏడాది కింద చేరినవాళ్లలో ఇప్పటికీ వస్తున్నవాళ్లెందరో, మానేసినవాళ్ల ఇంటికి ఎవరైనా వెళ్లారో లేదో చెప్పమనండి. మరమ్మతులకు, తీగలకు ఏటా విడిగా డబ్బు పెడుతున్నారా అని కూడా అడగండి.