నల్గొండ పాలిష్ మేస్త్రి చేతిలో నా గిటార్ నెక్

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర తలుపులకూ మంచాలకూ పాలిష్ వేసే చిన్న షాపు ఉంది. బోర్డు లేదు, స్ప్రే గన్ చప్పుడే గుర్తు. సొంతంగా చెక్కుకున్న గిటార్ నెక్‌కి (తీగల కింద ఉండే పొడవాటి మెడ భాగానికి) ఫినిషింగ్ కోసం హైదరాబాద్ పోదామనుకునేవాళ్లు ముందు ఇక్కడ అడిగి చూడండి.

నాది టేకు నెక్. పడగొట్టిన ఇంటి దర్వాజ చెక్కతో చేసుకున్నా, పైన వేళ్లతో తీగలు నొక్కే రోజ్‌వుడ్ పలక, అదే ఫ్రెట్‌బోర్డు. మేస్త్రి గిటార్ పని ఎప్పుడూ చేయలేదు కానీ టేకు సంగతి ఆయనకి బాగా తెలుసు. ముందు తడిగుడ్డతో తుడిచి ఆరనిచ్చాడు. నున్నగా ఉందనుకున్న చెక్క మీద సన్నటి నూగు లేచింది. 320 నంబర్ సాండ్‌పేపర్‌తో దాన్ని తీసేశాక వేలు ఎక్కడా ఆగలేదు. తర్వాత థిన్నర్ గుడ్డతో మళ్లీ తుడిచాడు. టేకులో నూనె ఉంటుంది, అది తీయకపోతే సీలర్, అంటే లాకర్ కింద వేసే మొదటి పూత, సరిగ్గా పట్టదు.

పేచీ మెరుపు దగ్గరే వచ్చింది. “మెరవకపోతే పాలిష్ ఎందుకు తమ్మీ?” అన్నాడు. “తలుపుకైతే సరే అన్నా, దీని మీద చేయి జారాలె” అన్నాను. నెక్ వెనక గ్లాసీగా ఉంటే చెమటకి బొటనవేలు అతుక్కుంటుంది, మన ఎండల్లో ఇంకా ఎక్కువ. ఒప్పుకుని ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ మెరుపు లేని మ్యాట్ రకం పలచగా కొట్టాడు. మెలమైన్ అనే ఇంకో రకం పాలిష్ గట్టిదే, కానీ దెబ్బ తగిలినచోట మళ్లీ పూస్తే అతుకు కనపడుతుంది. ఎన్‌సీలో కొత్త కోటు పాత కోటుని కరిగించుకుని అందులో కలిసిపోతుంది. 1950ల్లో ఫెండర్, గిబ్సన్ గిటార్లకి కొట్టింది కూడా ఈ నైట్రోసెల్యులోజ్ లాకరే.

తీగలు బిగించే మరలుండే పై భాగం, హెడ్‌స్టాక్‌కి నలుపు అడిగాను. రంగు పూర్తిగా ఆరకముందే అంచున అంటించిన టేపు లాగేశాడు, అంచు గీత గీసినట్టు వచ్చింది. అలాంటి చేయి అందరికీ ఉండదు.

చెప్పిన రోజుకి ఇవ్వలేదు. ముసురు పట్టిందని స్ప్రే ఆపేశాడు. ఆ తేమలో కొడితే లాకర్ తెల్లబడుతుంది, కాబట్టి ఆలస్యానికి నేనేమీ అనను. నట్ (నెక్ పై చివర తీగలు ఆనే చిన్న పట్టీ) కూర్చునే గాడిలోకి మాత్రం కొంచెం లాకర్ దిగింది, బ్లేడుతో గీకాల్సి వచ్చింది. మొత్తం 900 రూపాయలు తీసుకున్నాడు. ఇంత శ్రద్ధకి అది తక్కువే.

వెళ్లేవాళ్లు నట్ గాడికీ ఫ్రెట్‌బోర్డుకీ టేపు మీరే వేసి ఇవ్వండి. బాడీలో కూర్చునే హీల్ భాగానికి కూడా వేయండి, అక్కడ పూత మందమైతే నెక్ సరిగ్గా దిగదు. ఇంటికి తెచ్చాక రబ్బరు తొడుగున్న స్టాండుకి తగిలించొద్దు. రబ్బరు ఎన్‌సీ లాకర్‌ని మెత్తబరిచి మచ్చ చేస్తుంది, స్టాండుకి కాటన్ గుడ్డ చుట్టుకుంటే చాలు.