లాంగియర్‌బైన్ యాత్ర: ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, దేనికి ఖర్చు పెట్టాలి

లాంగియర్‌బైన్ ఉన్నది నార్వేకి ఉత్తరాన, ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో. ఆ దీవులకి వీసా అక్కర్లేదన్న మాట నిజమే. కానీ ఆ మాట ఒక్కటే పట్టుకుని బయల్దేరితే భారతీయ పాస్‌పోర్టుతో ఓస్లో దాటలేరు. 1920లో పారిస్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ దీవులు నార్వేవే, కానీ ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల షెంగెన్ ప్రాంతంలో భాగం కావు. ఆ ఒప్పందంలో అప్పటి బ్రిటిష్ ఇండియా కూడా ఉంది. అక్కడికి విమానాలు నార్వే రాజధాని ఓస్లో, ఉత్తర నార్వేలోని ట్రోమ్సో మీదుగానే వెళ్తాయి. అంటే ఒకసారి షెంగెన్‌లోకి అడుగుపెట్టి, బయటికి వెళ్ళి, మళ్ళీ లోపలికి రావాలి. అందుకని వీసాలో ఎన్నిసార్లు ప్రవేశం అన్న గడిలో 02 అని గానీ మల్ట్ అని గానీ ఉండాలి. 01 ఉంటే వెళ్ళడం వరకే, తిరిగి రావడానికి దారి ఉండదు. దరఖాస్తులో స్వాల్‌బార్డ్ వెళ్తున్నామని స్పష్టంగా రాసి, ఆ టికెట్లు కూడా జతచేయండి. ట్రోమ్సోలో ఆగి వెళ్ళే విమానమైతే అక్కడ అందరినీ దింపి పాస్‌పోర్టులు చూసి మళ్ళీ ఎక్కిస్తారు. ఓస్లో నుంచి నేరుగా అయితే మూడు గంటల లోపే.

ఊరు 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. జనాభా దాదాపు 2,500. ఒక గనుల కంపెనీ తన కూలీల కోసం వేసిన శిబిరం ఇది, ఆ సంగతి ఊళ్ళో అడుగడుగునా కనిపిస్తుంది. 1906లో అమెరికన్ వ్యాపారి జాన్ మన్రో లాంగియర్ ఇక్కడ బొగ్గు తవ్వడం మొదలుపెట్టాడు. 1916లో స్టోర్ నోర్‌స్కె అనే నార్వే కంపెనీ కొనేసింది. ఇళ్ళు, దుకాణం, భోజనశాల అన్నీ కంపెనీవే. 1980 ప్రాంతం వరకూ కంపెనీ సొంత నోట్లే చెలామణీ అయ్యాయి. 1943 సెప్టెంబరులో జర్మన్ యుద్ధనౌకలు ఊరిని దాదాపుగా కాల్చేశాయి, ఈనాడు కనిపించే ఊళ్ళో ఎక్కువ భాగం ఆ తర్వాత కట్టినదే. 2023లో బొగ్గు విద్యుత్కేంద్రం ఆపి డీజిల్‌కి మారారు. ఇక్కడి చివరి గని, ఏడో నంబరుది, 2025లో మూతపడింది. ఇప్పుడు ఊరికి ఆధారం పర్యాటకులు, 1993లో మొదలైన యూనిస్ విశ్వవిద్యాలయ కేంద్రం, పరిశోధనలు.

బస ఎంచుకునేటప్పుడు ఈ చరిత్ర పనికొస్తుంది. లోయ పైకొసన ఉన్న న్యూబ్యెన్‌లో గని కార్మికుల పాత బారకాసులే ఇప్పుడు చవక బసలు. గదులు చిన్నవి, స్నానాల గదులు ఉమ్మడి. ఊరి నడిబొడ్డు నుంచి రెండున్నర కిలోమీటర్ల దూరం, అదీ ఎక్కుడు దారి. ఎదురుగాలిలో, మైనస్ ఇరవైలో ఆ దూరం నడిచి రాత్రి భోజనం చేసి రావడం వృద్ధులకీ పిల్లలకీ చాలా కష్టం. ఒంటరిగా వెళ్ళే కుర్రవాళ్ళకి మాత్రం ఇదే సరైన చోటు. కంపెనీ అధికారుల కోసం 1947లో కట్టిన భవనం ఇప్పుడు ఫుంకెన్ లాడ్జ్, ఖరీదూ సౌకర్యమూ రెండూ ఎక్కువే. సముద్రం ఒడ్డున ఉన్న రాడిసన్ బ్లూ పోలార్ హోటల్‌ని 1994 లిల్లెహామర్ ఒలింపిక్స్ అయ్యాక అక్కడి నుంచి విప్పి తెచ్చి నిలబెట్టారు. కుటుంబంతో వెళ్తే, డబ్బు కాస్త ఎక్కువైనా నడివీధికి దగ్గరలోనే దిగమని నా సలహా. దుకాణం, మ్యూజియం, హోటళ్ళు అన్నీ పది నిమిషాల నడకలో ఉంటాయి. ప్రతి విమానానికీ విమానాశ్రయం నుంచి బస్సు ఉంటుంది, బస చేసే చోట్లన్నిటి దగ్గరా ఆగుతుంది. టాక్సీ కోసం వెతుక్కోనక్కర్లేదు.

చాలా బసల్లో, మ్యూజియంలో గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి. బూట్లకంటిన బొగ్గుమసి లోపలికి రాకూడదని గనుల రోజుల్లో పెట్టుకున్న కట్టుబాటు ఇది. మనవాళ్ళకి కొత్తేమీ కాదు. మందపాటి మేజోళ్ళు గానీ ఇంట్లో వేసుకునే చెప్పులు గానీ సంచిలో ఉంచుకోండి.

ఏ నెలలో వెళ్ళాలన్నదే అన్నిటికంటే పెద్ద నిర్ణయం. అక్టోబరు చివర నుంచి ఫిబ్రవరి మధ్య వరకూ సూర్యుడు ఉదయించడు. చుట్టూ కొండలు ఉండటంతో ఊళ్ళోకి ఎండ పడేది మార్చి 8 ప్రాంతంలోనే. ఆ రోజు పాత ఆసుపత్రి మెట్ల దగ్గర ఊరంతా చేరి పండగ చేసుకుంటుంది. ఏప్రిల్ 20 నుంచి ఆగస్టు 22 దాకా సూర్యుడు అస్తమించడు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి మార్చి చివర నుంచి ఏప్రిల్ చివర వరకూ మేలు: మంచు గట్టిగా ఉంటుంది, వెలుగు ఉంటుంది, స్నోమొబైల్, కుక్కల బండి రెండూ నడుస్తాయి. పడవ యాత్రలకి జులై, ఆగస్టు. మే చివర నుంచి జూన్ మొదటి సగం వరకూ మాత్రం వద్దు. మంచు కరిగి బురదవుతుంది, బండ్లు ఆగిపోతాయి, సముద్రం పూర్తిగా తెరుచుకోదు. ధ్రువకాంతి ఒక్కటే చూడాలనుకుంటే ట్రోమ్సోలోనే ఆగిపోండి. అక్కడ ఖర్చు తక్కువ, కనిపించే అవకాశం ఎక్కువ. పట్టపగలు, మధ్యాహ్నం వేళ ఆకాశంలో ధ్రువకాంతి చూడాలంటే మాత్రం నవంబరు నుంచి జనవరి మధ్య ఇక్కడికే రావాలి.

ఊరి హద్దు దాటేచోట ధ్రువపు ఎలుగుబంటి బొమ్మతో బోర్డు ఉంటుంది. రక్షణ లేకుండా దాన్ని దాటి వెళ్ళకూడదు. ఎలుగుబంట్లని బెదరగొట్టే సాధనం చేతిలో ఉండటం చట్టం, తుపాకీ కూడా తీసుకెళ్ళమని గవర్నరు కార్యాలయం గట్టిగా చెబుతుంది. తుపాకీ లైసెన్సు లేనివాళ్ళు అద్దెకి తీసుకోవాలంటే ముందుగా అనుమతికి దరఖాస్తు చేయాలి. గైడుతో వెళ్తే ఆ బాధ్యత అతనిదే. ఎప్పుడూ తుపాకీ పట్టని మనబోటివాళ్ళకి అదే సరైన పద్ధతి. 2025 జనవరి నుంచి ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరం పాటించాలి, మార్చి 1 నుంచి జూన్ 30 వరకూ 500 మీటర్లు. దగ్గర నుంచి ఎలుగుబంటిని చూపిస్తామని ఎవరైనా చెబితే ఆ సంస్థని వదిలేయండి.

స్నోమొబైల్ నడపాలంటే కారు నడిపే లైసెన్సు కార్డు అసలుదే వెంట ఉండాలి. పైదుస్తులు, హెల్మెట్, బూట్లు వాళ్ళే ఇస్తారు. లోపల వేసుకునేవి మాత్రం మీవి. ఒంటికి ఆనుకుని ఉన్ని బనీను, ఉన్ని ప్యాంటు ఉండాలి. నూలు బట్ట చెమట పీల్చి ఆరదు, బండి ఆగగానే ఒళ్ళు గడ్డకడుతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళకి హెల్మెట్ లోపల ఆవిరి పట్టి దారి కనిపించదు, కుదిరితే కాంటాక్ట్ లెన్సులు వాడండి. ఫోను లోపలి జేబులో, ఒంటి వేడికి దగ్గరగా ఉంచాలి, బయట పెడితే బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది. కెమెరాని గదిలోకి తెచ్చేముందు బయటే గాలి చొరని సంచిలో మూసి తేవాలి. అలాగే రెండు గంటలు వదిలేస్తే అద్దం లోపల చెమ్మ చేరదు. నడిశీతాకాలంలో వాన పడి వీధులు గాజులా గడ్డకట్టడం ఈమధ్య ఎక్కువైంది. బూట్ల కింద తొడుక్కునే ఇనుప ముళ్ళు ఊళ్ళో దుకాణంలో దొరుకుతాయి. దిగిన రోజే కొనండి, జారిపడి చెయ్యి విరిగితే ఇక్కడున్నది చిన్న ఆసుపత్రే. పెద్ద వైద్యానికి దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని ట్రోమ్సోకి విమానంలో తరలిస్తారు. బీమాలో ఆ తరలింపు, గాలింపు ఖర్చులు ఉన్నాయో లేదో చూసుకుని తీసుకోండి.

కాన్పులు కూడా ఇక్కడ చెయ్యరు. నెలలు నిండకముందే గర్భిణులు ప్రధాన భూభాగానికి వెళ్ళిపోతారు. ఇక్కడ చావడం నేరమని తెలుగు యూట్యూబు వీడియోల్లో చెప్పేది మాత్రం తప్పు. అలాంటి చట్టం లేదు. నేల ఎప్పుడూ గడ్డకట్టి ఉంటుంది కనక పాతిన శవపేటిక కుళ్ళదు, పైకి తన్నుకొస్తుంది. అందుకని శవపేటికలు పాతిపెట్టనివ్వరు, అస్థికల కలశానికి అనుమతి ఉంది. 1918 ఫ్లూకి బలైన ఏడుగురు యువకుల సమాధులు ఇక్కడే ఉన్నాయి. ఇళ్ళు స్తంభాల మీద ఉండటానికీ, పైపులు నేలమీదుగా పోవడానికీ కారణం ఆ నేలే. వేసవిలో పైపొర కరిగి కదులుతుంది. 2015 డిసెంబరులో సుకర్‌టోపెన్ కొండ మీది మంచు విరుచుకుపడి పదకొండు ఇళ్ళు పోయాయి, ఇద్దరు చనిపోయారు. కొండవాలులో ఇప్పుడు కనిపించే మంచు కంచెలు ఆ తర్వాత వేసినవే.

డబ్బు పెట్టి చూడాల్సినవాటిలో నా లెక్కలో మొదటిది మూడో నంబరు గని. 1996లో పని ఆపేసిన చోట పనిముట్లు అలాగే ఉన్నాయి. మీటరు మందం కూడా లేని బొగ్గుపొరలో మనిషి పక్కకి పడుకుని తవ్వేవాడు. హెల్మెట్, దీపం ఇచ్చి ఆ సందుల దాకా తీసుకెళ్తారు. ఇరుకంటే భయం ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. ప్రపంచ దేశాల పంట విత్తనాలని దాచిపెట్టిన భాండాగారం మాత్రం లోపలికి వెళ్ళి చూసేది కాదు. 2008లో తెరిచారు, కొండలోకి 130 మీటర్ల లోతున, మైనస్ 18 డిగ్రీలలో విత్తనాలుంటాయి. బయట తలుపు దగ్గర ఫొటో, అంతే. అయినా పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు ఆ తలుపు వెనకున్నాయని తెలిసినవాళ్ళకి అక్కడ ఒక పది నిమిషాలు నిలబడాలనిపిస్తుంది. వేరే టాక్సీ ఎందుకు, గని యాత్రతో కలిపే వెళ్ళిరండి.

శాకాహారులకి హోటళ్ళలో ఎంపిక తక్కువ, ధర ఎక్కువ. వంటగది ఉన్న బస చూసుకుని బియ్యం, పప్పు, పొడులు తెచ్చుకోవడం మంచిది. రోజంతా సాగే యాత్రల్లో వేడినీళ్ళు పోసుకుని తినే పొడి భోజనం ఇస్తారు. శాకాహారమని టికెట్ కొనేటప్పుడే చెప్పాలి, కొండల్లోకి వెళ్ళాక మార్చడానికి ఇంకేమీ ఉండదు.

వేసవి పడవల్లో పిరమిడెన్ వైపు వెళ్ళేది రోజంతా పడుతుంది. 1998లో సోవియట్ కాలపు గని మూతపడ్డాక ఖాళీ అయిన ఊరు, ఎదురుగా నోర్డెన్‌షోల్డ్ హిమానీనదం. ఉక్రెయిన్ యుద్ధం తర్వాత చాలా నార్వే సంస్థలు రష్యన్ ఊళ్ళలో దింపడం మానేశాయి, కొన్ని తీరం వెంట చూపించి వెనక్కి తిప్పుతాయి. ఒడ్డుకి దిగడం ఉందా లేదా అని కొనేముందు రాతపూర్వకంగా అడగండి. భారత్ పరిశోధన కేంద్రం హిమాద్రి ఉన్న న్యూ ఓలెసున్ అనే ఊరికి ఇక్కడి నుంచి రోడ్డు లేదు. ఓడలో వెళ్తే, అక్కడి రేడియో టెలిస్కోపు కోసం ఫోనులో వైఫై, బ్లూటూత్ కట్టేయాలి.

1946కి ముందు మనుషులు వదిలేసిన ప్రతి వస్తువూ ఇక్కడ చట్టప్రకారం రక్షితమే: తుప్పు మేకు, తిమింగలం వేటగాళ్ళ కొయ్యముక్క, ఏదైనా సరే. జ్ఞాపకంగా ఉంటుందని జేబులో వేసుకోకండి. విమానాశ్రయానికి దగ్గర కాబట్టి ఊళ్ళో డ్రోను ఎగరేయడానికి కూడా లేదు. తిరుగు ప్రయాణంలో ఓస్లో నుంచి భారత్ విమానం అదే రోజు పెట్టుకోవద్దు. పొగమంచుకో గాలికో ఇక్కడి విమానం ఆగిపోతే తర్వాతి దాంట్లో సీటు దొరకడం కష్టం. ఓస్లోలో ఒక రాత్రి ఉండేలా టికెట్లు తీసుకోండి.