సమ్‌లో మోసపోయాం, లోంగేవాలాలో తొండ కనిపించింది

జైసల్మేర్ దగ్గర సమ్ ఇసుక తిన్నెల్లో మేం దిగిన టెంట్ల క్యాంపు గురించి ముందు చెప్పాలి. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

దసరా సెలవులకి నేను, చెల్లెలు, బావగారు, తొమ్మిదో తరగతి చదువుతున్న మేనల్లుడు హైదరాబాద్ నుంచి జోధ్‌పూర్‌కి విమానంలో, అక్కడి నుంచి జైసల్మేర్‌కి రైల్లో వెళ్ళాం. మేనల్లుడికి ఒకటే కోరిక: కప్ప తల తొండని చూడాలి. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్న తొండ. థార్ ఎడారిలో తప్ప ఇంకెక్కడా బతకదు. క్యాంపు వాళ్ళకి ముందే ఫొటో పంపి అడిగాను. "తప్పకుండా చూపిస్తాం, వన్యప్రాణుల సఫారీ ఉంది" అన్నారు. మనిషికి 3,200 చొప్పున నలుగురికి 12,800 ముందే కట్టించుకున్నారు.

ఆ సఫారీ అంటే జీపులో పాటలు పెట్టి తిన్నెల మీద ఎక్కించి దించడం. నలభై నిమిషాలు అంతే. ఈ తొండ దాక్కునేది ఆ పై ఇసుకలోనే. "అంకుల్, ఆపండి, కింద ఉంటాయి" అని పిల్లవాడు బతిమాలితే, ఆపాలంటే ఇంకో 500 ఇవ్వమన్నాడు డ్రైవర్. రాత్రి పన్నెండు దాకా డీజే. భోజనంలో పప్పు నీళ్ళలా ఉంది, రొట్టెలు చల్లారిపోయాయి.

అంతకన్నా బాధ కలిగించింది పొద్దున్న జరిగింది. క్యాంపు గేటు దగ్గర ఒకతను సాండాని తాడు కట్టి పట్టుకొచ్చాడు. అది ముళ్ళ తోక తొండ, గడ్డీ ఆకులూ తిని బతికే సాధు జీవి, ఎండకి బొరియ మూతిని మట్టితో మూసుకుని లోపల పడుకుంటుంది. ఫొటోకి 200, మోకాళ్ళ నొప్పులకి దాని నూనె సీసా 800 అన్నాడు. బావగారికి మోకాళ్ళ నొప్పి ఉంది, ఆయన చెయ్యి జేబు దాకా వెళ్ళింది. చెల్లెలు గట్టిగా వద్దంది. అది తోకలోని కొవ్వు కరిగించి తీసిన నూనె, అంతే. దానికోసం వీటిని బొరియల్లోంచి తవ్వి తీసి, పారిపోకుండా నడుము విరిచేస్తారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టుకోవడమే నేరం. ఎవరైనా అమ్మజూపితే దయచేసి కొనకండి.

ఆ రోజు కోట, హవేలీలు చూశాం, బాగున్నాయి. బావగారు డబ్బు పోయిందని ఎవరితోనూ మాట్లాడలేదు.

రాత్రి మా లాడ్జి (గదికి 1,400, శుభ్రంగా ఉంది) యజమాని ఒక ముసలి టాక్సీ డ్రైవర్‌ని కుదిర్చాడు. పాకిస్తాన్ సరిహద్దు దగ్గరున్న లోంగేవాలా, తనోట్ చూపించి తీసుకురావడానికి 4,500. పొద్దున్న ఐదున్నరకే బయల్దేరదీశాడు. సుమారు 120 కిలోమీటర్లు, రామ్‌గఢ్ మీదుగా. "సాబ్, ఎండ ముదిరితే కప్ప తల తొండ పైకి రాదు" అన్నాడు.

లోంగేవాలా అంటే అందరికీ 1971 డిసెంబరు యుద్ధమే గుర్తొస్తుంది. ఈ తొండ శాస్త్రీయ నామంలోనూ ఆ ఊరి పేరే ఉంది. 1978లో శర్మ అనే శాస్త్రవేత్త దీన్ని కొత్త జాతిగా వర్ణించాడు. 1992లో ఆర్నాల్డ్ దీనికోసమే బ్యూఫోనిసెప్స్ అనే ప్రజాతిని ఏర్పరిచాడు. అందులో ఉన్నది ఇదొక్కటే.

రోడ్డు పక్కన మొక్కా మోడూ లేని ఒక తిన్నె దగ్గర కారు ఆపి, చెప్పులు విప్పమన్నాడు డ్రైవర్. ఇసుక మీద సన్నటి కాళ్ళ గుర్తులు, మధ్యలో తోక గీసిన గీత. ముప్పావుగంట నిలబడ్డాం. చెల్లెలికి విసుగొచ్చి వెనక్కి తిరిగింది. అప్పుడు మేనల్లుడు "మామయ్యా, కదలకు" అన్నాడు. నా కాలికి రెండడుగుల దూరంలో ఇసుకే కళ్ళు తెరిచినట్టుంది. గుండ్రటి తల, చప్పిడి ఒళ్ళు, ఇసుక రంగు మీద చిన్న చుక్కలు. చీమ ఒకటి దగ్గరికి రాగానే నోట కరుచుకుంది. బావగారు వంగేసరికి ఒళ్ళంతా అటూ ఇటూ వణికించి, చూస్తుండగానే ఇసుకలోకి దిగిపోయింది. గుంట తవ్వలేదు, బొరియ లేదు. పైన చిన్న మరక లాంటి గుర్తు మిగిలింది, గాలికి అదీ చెరిగిపోయింది. పది గంటల్లోపు మూడు కనిపించాయి.

దీనికి వదులు ఇసుకే ఇల్లు. తిన్నెలు కదలకుండా ఇజ్రాయెలీ తుమ్మ నాటిన చోట, గడ్డి కమ్ముకున్న చోట దీనికి బతుకు లేదని డ్రైవర్ చూపించాడు. పచ్చదనం అంటే అన్నిచోట్లా మంచిదే అనుకునేవాణ్ణి. ఇక్కడ కాదు.

వెళ్ళేవాళ్ళు సమ్‌లో డబ్బు పొయ్యొద్దు. జైసల్మేర్‌లోనే ఉండి, తెల్లవారకముందే లోంగేవాలా వైపు వెళ్ళండి. సరిహద్దు ప్రాంతం కాబట్టి రోడ్డు వదిలి దూరం పోవద్దు, డ్రైవర్ చెప్పిన చోటే దిగండి. తొండని ముట్టుకోవద్దు, ఇసుకలోంచి తవ్వి తీయొద్దు.

తిరుగు దారిలో రామ్‌గఢ్ ధాబాలో సజ్జ రొట్టె, కేర్ సాంగ్రీ కూర తిన్నాం, ప్లేటు 140. అంత రుచి నేను ఊహించలేదు. బావగారు రెండో ప్లేటు చెప్పించుకుని, రేపు పొద్దున్న కూడా బండి ఖాళీయేనా అని డ్రైవర్‌ని అడిగారు. రైలు టికెట్లు ఉండటంతో కుదరలేదు.